బైబిలు చదువుతానన్న బిడ్డతో ముందు కూర్చుని మాట్లాడండి

ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. ఇంట్లో ఈఏపీసెట్ ర్యాంకులు, కాలేజీ ఫీజులు, హాస్టళ్ల మాటలే నడుస్తున్నాయి. అలాంటప్పుడు మీ అబ్బాయో అమ్మాయో వచ్చి, "నాకు బైబిలు చదువుకోవాలనుంది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుంటాను. డిగ్రీగా అదే చేస్తాను" అన్నారనుకోండి. మన క్రైస్తవ కుటుంబాల్లో ఈ మాట వినగానే కొందరు తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. "ఇన్ని మార్కులు తెచ్చుకుని పాస్టరవుతావా? ఎలా బతుకుతావు? పెళ్లి సంబంధాలెలా వస్తాయి?" అని గట్టిగా అడ్డుపడతారు. మరికొందరు అక్కడికక్కడే మోకరించి స్తోత్రం చెల్లిస్తారు. వచ్చే ఆదివారమే పిల్లవాణ్ణి సంఘం ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తారు.

రెండు రకాల తల్లిదండ్రులకూ ఉన్నది పిల్లల మీద ప్రేమే. అయితే ఇద్దరూ ఒకే పని మరిచిపోతున్నారు. అసలు ఆ బిడ్డ ఏం కోరుకుంటోందో అడగడం లేదు. ఈ చదువును భయంతో ఆపడమూ భక్తితో అందులోకి తోసెయ్యడమూ రెండూ బిడ్డకు అన్యాయమే. ఇదొక పెద్ద చదువు. మిగతా చదువుల గురించి ఎంత విచారిస్తామో దీని గురించీ అంత విచారించాలి.

చదువు మీద ఇష్టమా, పరిచర్య పిలుపా?

మొదట తేల్చుకోవలసింది ఇదే. మన ఊళ్లలో బైబిలు చదువు అనగానే పాస్టరు ఉద్యోగమే గుర్తొస్తుంది. కానీ ఈ రెండూ ఒకటి కావు. కొందరికి సంఘాన్ని కాయాలని ఉంటుంది. రోగుల దగ్గర కూర్చోవాలి, ప్రసంగించాలి, ఊరూరూ తిరగాలి అనిపిస్తుంది. ఇంకొందరికి గ్రంథం మీదే మనసు. ఈ మాట ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, మూలంలో ఎలా ఉంది, అప్పటి యెరూషలేము ఎలా ఉండేది అని తవ్వుకుంటూ పోతారు. నలుగురి ముందు నిలబడి మాట్లాడమంటే వాళ్లకు నోరు పెగలదు. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు.

వీటిలో మీ బిడ్డది ఏదో తెలిస్తేనే దారి తెలుస్తుంది. పరిచర్య కోరేవారికి ముందు సంఘం అండ కావాలి. సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు సంఘాల్లో అభిషేకం పొందాలంటే ఆ సంఘమో డయాసిసో అభ్యర్థిగా ఎంపిక చేసి పంపాలి. గ్రంథ పరిశోధన కోరేవారు విశ్వవిద్యాలయాల వైపు చూడాలి. ఆక్స్‌ఫర్డ్, ఎడిన్‌బరో వంటి చోట్ల బి.ఎ. స్థాయిలోనే బైబిలునూ దాని భాషలనూ చరిత్ర, సాహిత్యాలలాగే బోధిస్తారు. ఏ మతంవారైనా, ఏ మతమూ లేనివారైనా అక్కడ చేరవచ్చు. అమెరికాలో చాలా కాలేజీల్లో మత అధ్యయనం ఒక మేజర్‌గా ఉంది. అక్కడ స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. అక్కడ పాస్టరు కావడానికి చదివే ఎం.డివ్. కోర్సు డిగ్రీ తరువాత వచ్చేది. కాబట్టి పద్దెనిమిదేళ్ల వయసులోనే జీవితం తేల్చేసుకోవలసిన తొందర అక్కడి పిల్లలకు లేదు.

మీ బిడ్డను కూర్చోబెట్టి నెమ్మదిగా అడగండి: "నిన్ను పుస్తకం పిలుస్తోందా, మనుషులు పిలుస్తున్నారా?" జవాబు వెంటనే రాకపోవచ్చు. రెండు మూడు నెలలు ఆగి మళ్లీ అడగండి.

ఆ చదువులో ఏముంటుంది?

బైబిలు చదవడమంటే ఇంట్లో వేకువనే లేచి అధ్యాయం చదువుకున్నట్టే ఉంటుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. తరగతిలో కూర్చున్న మొదటి వారంలోనే ఆ ఊహ పోతుంది. పాత నిబంధనలో ఎక్కువ భాగం హీబ్రూలో ఉంది. దానియేలు, ఎజ్రా గ్రంథాల్లో కొన్ని అధ్యాయాలు అరమాయిక్‌లో ఉన్నాయి. కొత్త నిబంధన అంతా ఆనాటి వాడుక గ్రీకు. హీబ్రూకు 22 అక్షరాలు. కుడి నుంచి ఎడమకు రాస్తారు. మొదట్లో హల్లులే రాసేవారు. అక్షరాల కిందా పైనా కనిపించే చుక్కలు, గీతలు తరువాతి శతాబ్దాల్లో మాసొరెట్లు అనే యూదు పండితులు ఉచ్చారణ నిలబెట్టడానికి చేర్చినవి. గ్రీకుకు 24 అక్షరాలు.

ఒక హీబ్రూ విద్యార్థి ఉదయం పూట ఏం చేస్తాడో చూడండి. నోటుపుస్తకంలో గళ్లు గీసుకుని ఒకే క్రియను వరసగా రాస్తాడు: కాతవ్ అంటే అతడు రాశాడు, కాతెవా అంటే ఆమె రాసింది. "నువ్వు రాశావు" అనడానికి మగవాడితోనైతే కాతవ్తా, ఆడమనిషితోనైతే కాతవ్త్. "నేను రాశాను" అంటే కాతవ్తీ. ఇలా భూతకాలంలోనే తొమ్మిది రూపాలు. ఆ క్రియకు ప్రేరణార్థం, కర్మణి వంటి వేర్వేరు మూసలుంటాయి. వ్యాకరణ పుస్తకాలు ముఖ్యంగా ఏడింటిని నేర్పుతాయి. ప్రతి మూసలోనూ మళ్లీ ఇదంతా మొదటి నుంచీ రాయాలి. మధ్యలో గొంతు నుంచి పలికే అక్షరమొకటి వస్తే చుక్కలన్నీ మారిపోతాయి. సాయంత్రానికి చెరిపేసి, చూడకుండా మళ్లీ రాయాలి. మొదటి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇలాగే గడుస్తాయి. ప్రసంగాలు తరువాత వస్తాయి.

ఇదంతా విని భయపడనక్కర్లేదు. మన పిల్లలకు ఇందులో కలిసొచ్చేవీ ఉన్నాయి. ఇంటర్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకుని రామశబ్దం వల్లించిన పిల్లలకు గ్రీకు నామరూపాలు అంత కొత్తగా అనిపించవు. సంస్కృతంలో ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు ఉంటే, కొత్త నిబంధన గ్రీకులో విభక్తులు సంబోధనతో కలిపి అయిదే, వచనాలు రెండే. ధాతువు నుంచి మాటలు పుట్టే పద్ధతి తెలిసిన పిల్లలు, మూడు హల్లుల మూలం నుంచి మాటలు పుట్టే హీబ్రూను త్వరగానే పట్టుకుంటారు. కొత్త నిబంధనలో వేర్వేరు మాటలు సుమారు 5,400. వాటిలో యాభైసార్లకు పైగా వచ్చేవి మూడు వందల పైచిలుకే. ఆ కొద్ది మాటలు వచ్చినవారికి గ్రంథంలోని మాటల్లో అయిదింట నాలుగు వంతులు తెలిసినవే. రోజుకు పది మాటలు పట్టుదలగా నేర్చుకునే పిల్లలు ఏడాదిలోపే సులువైన వాక్యాలు చదవగలుగుతారు.

అందుకే నా మొదటి సలహా ఇది: ఫీజు కట్టక ముందే పరీక్ష పెట్టండి. జె. డబ్ల్యు. వెన్‌హామ్ గ్రీకు వ్యాకరణం, జె. వైన్‌గ్రీన్ హీబ్రూ వ్యాకరణం ఇంగ్లిషులో చదివే విద్యార్థులు దశాబ్దాలుగా వాడుతున్న పుస్తకాలు. ఒకటి కొనివ్వండి. యేల్ విశ్వవిద్యాలయం పాత నిబంధన, కొత్త నిబంధన పాఠాలను పూర్తిగా, ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. అవి చూడమనండి. ఆరు నెలల పాటు రోజూ ఒక గంట ఆ పుస్తకంతో కూర్చుంటే ఆ కోరిక నిజమైనదని నమ్మండి. నాలుగో వారానికే పుస్తకం అటక ఎక్కితే తిట్టకండి, ఎగతాళి చేయకండి. ఇష్టం మరో దారిలో ఉందని అర్థం చేసుకోండి.

ఈ పని మనకు కొత్త కాదు

ఇది పరదేశీ చదువు, మనకెందుకు అని పెద్దవాళ్లు అనవచ్చు. మనం ఇంట్లో తెరిచే తెలుగు బైబిలు వెనక ఇలాంటి చదువే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం మొదటి భాగంలోనే మిషనరీ బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోకి అనువదించాడు. అది అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీలు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ మళ్లీ మొదలుపెట్టారు. వారికి ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడుగా నిలిచాడు. ఆ కృషి ఫలితంగా 1812లో సువార్తలు సెరాంపూరులో అచ్చయ్యాయి. అదే సెరాంపూరులో ఉన్న మిషనరీ విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణం ప్రచురించాడు. మూలభాషలు తెలిసినవారు, తెలుగు తెలిసినవారు ఒకచోట కూర్చుని ఏళ్లకేళ్లు శ్రమపడితేనే ఆ పుస్తకం మన చేతికొచ్చింది. ఇవాళ ఆ రెండూ ఒకే మనిషికి తెలిసి ఉంటే ఎంత బాగుంటుందో ఆలోచించండి. మీ బిడ్డకు గ్రీకుతోపాటు తెలుగూ బాగా రావాలి. సెమినరీకి పంపే ముందు మంచి తెలుగు చదివించండి.

పట్టా ఎవరిస్తారు?

ఇక్కడే తల్లిదండ్రులు ఎక్కువ మోసపోతారు. మన దేశంలో ఈ చదువుకు పాత పేరున్న సంస్థ సెరాంపూర్ కాలేజీ. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ కలిసి 1818లో స్థాపించారు. పట్టాలివ్వడానికి 1827లో, అప్పట్లో ఆ ఊరిని ఏలుతున్న డెన్మార్క్ రాజు నుంచి సనదు వచ్చింది. 1918లో బెంగాల్ శాసనసభ చేసిన చట్టంతో సెనేట్ ఏర్పడింది. హైదరాబాదు గాంధీనగర్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల, బెంగళూరులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీ వంటివి ఆ సెనేట్‌కు అనుబంధంగా నడుస్తున్నాయి. హైదరాబాదు కాలేజీ 1964లో రాజమండ్రిలో మొదలై, తరువాత నగరానికి వచ్చింది. అక్కడ ప్రధానమైన కోర్సు బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ). పేరుకు బ్యాచిలర్ డిగ్రీయే అయినా చాలామంది ఒక మామూలు డిగ్రీ పూర్తిచేశాకే అందులో చేరతారు.

ఏషియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న కాలేజీలు ఇంకో వరస. వాటిలోనూ మంచి చదువున్నవి ఉన్నాయి. అయితే అది వేదాంత విద్యాసంస్థలు తమలో తాము ఏర్పరచుకున్న గుర్తింపు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా కాదు. వీటన్నిటికీ బయట, రెండు గదులు అద్దెకు తీసుకుని, అమెరికా పేరున్న బోర్డు తగిలించి, ఏడాదిలో బి.టి.హెచ్. (బ్యాచిలర్ ఆఫ్ థియాలజీ), రెండేళ్లలో డాక్టరేట్ ఇచ్చేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్ల దగ్గర గ్రీకు అక్షరమాల కూడా రాకుండానే పిల్లలు పట్టాలు పుచ్చుకుని బయటికొస్తున్నారు. వాళ్ల గౌనుల ఫొటోలు చూసి మురిసిపోకండి.

ఏ కాలేజీకి వెళ్లినా కొన్ని సంగతులు తప్పక అడగండి. పట్టా మీద ఎవరి పేరుంటుంది? ఆ పట్టాతో మామూలు విశ్వవిద్యాలయంలో పీజీలో చేర్చుకుంటారా, ప్రభుత్వ ఉద్యోగానికి పనికొస్తుందా? దీనికి జవాబు కాలేజీవాళ్ల నోటిమాటగా వద్దు, మీ బిడ్డ తరువాత చేరాలనుకునే విశ్వవిద్యాలయాన్నే రాతపూర్వకంగా అడగండి. హీబ్రూ, గ్రీకు ఎన్ని సెమిస్టర్లు చెబుతారు, అవి తప్పనిసరా, ఎవరు చెబుతారు? గ్రంథాలయం చూపించమనండి. నిరుడు చదువు ముగించినవారు ఇప్పుడెక్కడ ఉన్నారో కనుక్కుని, వాళ్లలో ఇద్దరితో ఫోనులో మాట్లాడండి.

ఇంకో విషయం సూటిగా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే వర్తిస్తుంది. ఎస్సీ కులాల నుంచి క్రైస్తవులైనవారిని మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సిలో చేర్చారు. ఈ చదువులోకి వెళ్లే బిడ్డకు ధ్రువపత్రాల విషయం తరువాత తలనొప్పి కాకుండా, ఫారాలు నింపేటప్పుడే నిజం రాయించండి.

బతుకుతెరువు మాట

ఈ చదువు డబ్బు సంపాదించే చదువు కాదు. ఆ మాట బిడ్డకు ముందే చెప్పండి. పెద్ద సంఘాల్లో పాస్టరుకు జీతం, ఇల్లు ఉంటాయి, బదిలీలూ ఉంటాయి. స్వతంత్ర సంఘాల్లో కానుకల మీదే ఇల్లు నడవాలి. సెమినరీలో బోధించాలంటే బి.డి. తరువాత ఎం.టి.హెచ్., ఆపైన డాక్టరేటు చదవాలి. బైబిలు అనువాదం ఒక మంచి రంగం. మన ఏజెన్సీ ప్రాంతాల భాషల్లోకి అనువదించేవారికి, సరిచూసేవారికి మూలభాషలు తెలియడం పెద్ద అండ.

ఇంటర్ అవగానే నేరుగా ఈ చదువుకు పంపాలా అని అడిగితే, ఎక్కువమంది పిల్లల విషయంలో నా సలహా: ముందు ఒక మంచి బి.ఎ. చేయించండి. చరిత్ర, తెలుగు, సంస్కృతం ఏదైనా పనికొస్తుంది. హీబ్రూ మీద ఇష్టమున్నవారు అరబిక్ తీసుకోవచ్చు. రెండూ సెమిటిక్ కుటుంబానివే. హైదరాబాదులో ఉస్మానియాలో, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో, ఇఫ్లూలో అరబిక్ శాఖలున్నాయి. ఆ మూడేళ్లూ పక్కన గ్రీకు నేర్చుకుంటూ, ఆదివారాలు సంఘంలో పనిచేస్తూ గడిపితే ఇరవై ఒకటో ఏట తీసుకునే నిర్ణయం గట్టిగా ఉంటుంది. ఒకవేళ మనసు మారినా చేతిలో పట్టా ఉంటుంది. ఇంట్లో ఆసరా ఉండి, సంఘం అండ ఉండి, ఆరు నెలల పరీక్షలో నెగ్గిన బిడ్డనైతే నేరుగా పంపడానికి వెనకాడకండి.

అమ్మాయి అడిగితే

అబ్బాయి అడిగితే ఆలోచించే ఇళ్లలో కూడా అమ్మాయి అడిగితే నవ్వి ఊరుకుంటారు. అది తప్పు. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ.లో ఆ స్థానం పొందిన మొదటి మహిళ ఆమె, తెలుగు నేల మీదే. అన్ని సంఘాలూ స్త్రీలకు అభిషేకం ఇవ్వవు కాబట్టి మీ సంఘం నియమం ముందే తెలుసుకోండి. అభిషేకం లేకపోయినా బోధన, అనువాదం, పరిశోధన ఉన్నాయి. భాషలు నేర్వడంలో ఆడపిల్లకు ఏ అడ్డూ లేదు.

ప్రశ్నలతో ఇంటికొస్తే

పైకి చెప్పకపోయినా చాలామంది తల్లిదండ్రుల మనసులో ఉండే భయం ఒకటి: ఎక్కువ చదివితే విశ్వాసం పోతుందేమో. క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చిన కొడుకు అన్నం తింటూ, "నాన్నా, మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు అన్నిటికన్నా పాత పూర్తి ప్రతుల్లో లేవు, తెలుసా?" అంటాడు. తండ్రి చేతిలో ముద్ద అక్కడే ఆగిపోతుంది. తల్లి వంటింట్లోంచి తొంగిచూస్తుంది. "ఇందుకేనా నిన్ను పంపింది?" అనే మాట నోటిదాకా వస్తుంది.

ఆ మాట అనకండి. ఆ పిల్లవాడు చెప్పింది నిజం. నాలుగో శతాబ్దానికి చెందిన సినాయ్, వాటికన్ ప్రతుల్లో ఆ సువార్త పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతో ముగుస్తుంది. ప్రతులను పోల్చి చూడటం ఈ చదువులో రోజువారీ పని. ఇవాళ విద్యార్థులు వాడే హీబ్రూ బైబిలుకు ఆధారమైన లెనిన్‌గ్రాడ్ ప్రతి 1008 ప్రాంతంలో రాసింది. 1947లో మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన యెషయా చుట్ట దానికన్నా సుమారు వెయ్యేళ్లు పాతది. రెండింటినీ పక్కపక్కన పెడితే తేడాలూ కనిపిస్తాయి, అంత కాలం గ్రంథాన్ని కాపాడినవారి శ్రద్ధా కనిపిస్తుంది. రెండూ చూడనివ్వండి. ప్రశ్న అడిగినందుకు గద్దిస్తే వాడు ప్రశ్న మానడు, మీతో మాట్లాడటం మానేస్తాడు. "నాకు తెలియదురా, మీ సారు ఏమన్నారు? నువ్వేమనుకుంటున్నావు?" అని అడగండి. జవాబు చెప్పలేకపోయినా ఆ పూట మీరు పక్కన కూర్చుంటే చాలు, చాలామంది పిల్లలు నిలదొక్కుకుంటారు.

మొక్కుకున్న తల్లిదండ్రులకు

చివరగా ఒక మాట, మొక్కు మొక్కినవారితో. హన్నా సమూయేలును దేవునికి అప్పగించినట్టు, కష్టకాన్పులోనో జబ్బులోనో "ఈ బిడ్డను నీ సేవకిస్తాం ప్రభువా" అని ప్రార్థించినవారు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. మీ ప్రార్థన పవిత్రమైనది. కానీ అది మీరు చేసిన మొక్కు. బిడ్డ చేసినది కాదు. ఇష్టం లేకుండా సెమినరీలో చేరినవాడు పాఠాలు మొక్కుబడిగా వింటాడు, తరువాత సంఘాన్నీ మొక్కుబడిగానే నడుపుతాడు. అలాంటి కాపరి చేతిలో నలిగేది వందలమంది విశ్వాసులు. బిడ్డ ఉపాధ్యాయుడైనా, నర్సయినా, రైతయినా నిజాయితీగా బతికితే అదీ సేవే అని నమ్మండి. మీ మొక్కు గురించి వాడికి చెప్పండి, బలవంతం మాత్రం చేయకండి.

అమ్మా, నాన్నా, బిడ్డ బైబిలు చదువుతానంటే కంగారు పడకండి, తొందరా పడకండి. ఆరు నెలలు ఆగండి. వ్యాకరణం పుస్తకం కొనివ్వండి. కాలేజీకి మీరే స్వయంగా వెళ్లి చూడండి. పట్టా ఎవరిదో కనుక్కోండి. డబ్బు సంగతి దాచకుండా మాట్లాడండి. ఇన్ని చేశాక కూడా బిడ్డ అదే మాట మీద నిలబడితే, మనస్ఫూర్తిగా దీవించి పంపండి. బాగా చదువుకున్న కాపరులు, మూలభాషలు తెలిసిన బోధకులు మన సంఘాలకు ఇవాళ చాలా అవసరం.